బిడ్డ పేరిట దాచిన సొమ్ము ఎవరిది?



భార్యాభర్తలు విడివడి జీవించవలసి రావడం ఏ కుటుంబానికైనా పెద్ద గాయం. అటువంటి ఇళ్ళు మన విచారణలలోనూ ఉన్నాయి. పెద్దలు కూర్చుని ఇల్లు, పొలం, నగలు, సామాను లెక్క వేస్తుండగా చివరకు ఒక చిన్న పుస్తకం బయటికి వస్తుంది. అది బిడ్డ పేరిట బ్యాంకులోనో పోస్టాఫీసులోనో దాచిన సొమ్ముకు సంబంధించిన పాసుపుస్తకం. "నెలనెలా కట్టింది నేను" అంటాడు తండ్రి. "కడుపు కట్టుకుని ఆ డబ్బు మిగిల్చింది నేను" అంటుంది తల్లి. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. కాని ఆ సొమ్మును పంపకాల లెక్కలో వేయడమే తప్పు. ఎందుకో ఈ వారం తెలుసుకుందాం.

1. సొత్తు వేరు, సంరక్షణ వేరు

ఒక వస్తువు మన చేతిలో ఉండటం ఒకటి, అది మన సొంతం కావడం మరొకటి. దేవాలయ కానుకల పెట్టె తాళంచెవి సంఘపెద్ద దగ్గర ఉంటుంది. అంతమాత్రాన ఆ కానుకలు ఆయనవి కావు. మైనరు ఖాతా కూడా ఇటువంటిదే. అందులో ఖాతాదారు బిడ్డ. తల్లి లేక తండ్రి పేరు గార్డియన్‌గా మాత్రమే ఉంటుంది. బిడ్డకు 18 ఏళ్ళు నిండాక గార్డియన్ సంతకంతో పని లేదు, బ్యాంకు బిడ్డ సంతకమే తీసుకుంటుంది. ఆడపిల్లల కోసం 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా కూడా అంతే. దానిని పదేళ్ళలోపు పాప పేరిట తెరుస్తారు. పై చదువుకు సగం వరకు తీసుకోవాలన్నా పాప 10వ తరగతి పాసై ఉండాలి, లేదా 18 ఏళ్ళు నిండాలి. అమ్మానాన్నల తగవు దానికి కారణం కాజాలదు.

జ్ఞానస్నానం నాడు తాతయ్య చేతిలో పెట్టినది, తొలి దివ్యసత్ప్రసాదం నాడు మేనమామ ఇచ్చినది, తండ్రి జీతంలోనుండి కట్టినది, అన్నీ బిడ్డ ఖాతాలో పడినప్పుడే బిడ్డవైపోయాయి. ఇచ్చిన కానుకను దాత తిరిగి అడగడం మర్యాద కాదు, న్యాయమూ కాదు.

2. చట్టం ఏమంటోంది?

మన క్రైస్తవ కుటుంబాలలో మైనరు బిడ్డల సంరక్షణకు వర్తించే చట్టం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బిడ్డ ఆస్తికి గార్డియన్‌గా ఉన్నవారు, వివేకం గల మనిషి తన ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని, ఆ పదవివలన తాము లాభం పొందకూడదని ఆ చట్టం చెబుతుంది.

తండ్రి సంతకం లేనిదే తల్లి ఏమీ చేయలేదనే మాట మన ఊళ్ళలో ఇంకా వినబడుతుంది. కుమారుని పేరిట రిలీఫ్ బాండ్లు తీసుకోబోయిన రచయిత్రి గీతా హరిహరన్‌కు ఈ చిక్కే వచ్చింది. ఆమె వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెబుతూ, తండ్రి బిడ్డను పట్టించుకోని పరిస్థితులలో తల్లి కూడా సహజ గార్డియన్‌గా వ్యవహరించవచ్చునని తేల్చింది. అది హిందూ చట్టం క్రింది వ్యాజ్యం. 2015లో ఒక క్రైస్తవ తల్లి వ్యాజ్యం కూడా సుప్రీంకోర్టుకు వచ్చింది. పెళ్ళి కాకుండానే తల్లియై, ఒంటరిగా కుమారుని పెంచిన ఆమె తన పొదుపులకు, బీమాకు అతనిని నామినీ చేయబోతే తండ్రి పేరు చెప్పమన్నారు. కోర్టు ఆ తండ్రికి నోటీసు అవసరం లేదంది. బిడ్డ క్షేమమే అన్నిటికంటే ముఖ్యమంది.

3. తరచుగా వినబడే వాదాలు

"బడి ఫీజు ఆ పుస్తకంలోనుండే కట్టుకోండి" అనే తండ్రులున్నారు. బిడ్డను పోషించవలసినది తల్లిదండ్రుల సంపాదన. బిడ్డ సొమ్ముతోనే బిడ్డను పోషించి నా బాధ్యత తీరిందనడం కంచే చేను మేసినట్లు. స్తోమత ఉండీ బిడ్డను పోషించని వారిపై భరణం ఉత్తర్వు కోరే హక్కు చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుండి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్.

"గత్యంతరం లేక అద్దెకు తీశాను, ఆ ఇంట్లో ఉంటున్నది బిడ్డే కదా" అనే తల్లులున్నారు. ఈమెను దొంగ అనడానికి తొందరపడకండి. బిడ్డ వైద్యానికి, తిండికి, నీడకు వాడినది బిడ్డకే చేరింది. అక్కడ ముందుగా జవాబు చెప్పవలసినవాడు ఖర్చులకు పంపక ఆమెను ఆ స్థితికి నెట్టినవాడు. అయినా ఆమె రసీదులు దాచాలి, వీలైనప్పుడు తిరిగి వేయాలి. అవతలివారిపై కసితోనో, "వాళ్ళు తీయకముందే మనం తీద్దాం" అనే భయంతోనో ఖాతా ఖాళీ చేయడం మాత్రం బిడ్డకు చేసిన అన్యాయమే.

"పాలసీ నా పేరిట ఉంది, చీటీ నేను వేశాను" అనేది అన్నిటికంటే చిక్కైన వాదం. పాప చదువుకోసమని చెప్పి తన పేరిటే దాచిన సొమ్ము కాగితం మీద పాపది కాకపోవచ్చు. అయితే కాగితం చూపించి బిడ్డకిచ్చిన మాటను దాటవేయగలమా? మనస్సాక్షి ముందు మాట కూడా అప్పే.

4. తిరుసభ బోధ

దంపతులు వేరుపడిన తరువాత కూడా బిడ్డల పోషణకు, విద్యకు తగిన ఏర్పాటు తప్పక జరగాలని 1983 నాటి తిరుసభ చట్టస్మృతి 1154వ చట్టం ఆదేశిస్తున్నది. తల్లిదండ్రులే బిడ్డలకోసం కూడబెట్టాలి గాని బిడ్డలు తల్లిదండ్రులకోసం కాదని పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన రెండవ లేఖలో గుర్తు చేస్తారు. సొలోమోను రాజు ఎదుట నిలిచిన ఇద్దరు స్త్రీలను తలచుకోండి. బిడ్డను రెండుగా చీల్చనివ్వక తన వాదాన్ని వదులుకున్నదే తల్లి అని రాజు గుర్తించాడు.

5. ఏమి చేయాలి?

మొదట, బిడ్డ పేరిట ఉన్న ఖాతాలు, బంగారం ఒక కాగితంపై వ్రాసి, ఆ నాటి నిల్వతో సహా ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోండి. రెండవది, బిడ్డ వైద్యం, చదువు తప్ప వేరే పనికి తీయమని, తీసేముందు ఒకరికొకరు తెలుపుకుంటామని వ్రాసుకోండి. కోర్టులో వ్యాజ్యం నడుస్తుంటే ఈ మాటను రాజీ పత్రంలో చేర్పించండి. మూడవది, ఒకరు ఇప్పటికే సొమ్ము తీసివేస్తే వివరాలతో ఫ్యామిలీ కోర్టును ఆశ్రయించవచ్చు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. నాలుగవది, బిడ్డను రాయబారిగాను, సాక్షిగాను పంపకండి. "మీ నాన్నను అడుగు", "మీ అమ్మ తినేసింది" అన్న మాటలు పోయిన డబ్బుకంటే ఎక్కువ నష్టం చేస్తాయి.

కుటుంబంలో చర్చించుకొనుటకు:
మన బిడ్డల పేరిట ఉన్నదెంత? దానిలో వారి కోసం అని చెప్పి మన పేరిట ఉంచుకున్నదెంత? మన బంధువుల ఇంట ఇటువంటి తగవు వస్తే మనం ఎవరి పక్షాన మాట్లాడుతున్నాం, అన్న పక్షానా, వదిన పక్షానా, లేక ఆ బిడ్డ పక్షానా?