‘పోయింది’ వేరు, ‘దొంగిలించారు’ వేరు
ప్రశ్నలు - జవాబులు

(జవాబులు చెప్పేది: ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, అందులో సగం కాలం స్టేషన్ రైటర్ కుర్చీలోనే గడిపి రిటైరైన ఒక ఏఎస్ఐ)

ప్రశ్న: బస్సులో నా హ్యాండ్‌బ్యాగు బ్లేడుతో కోసి పద్నాలుగు వేల ఫోను, ఆరు వేల డబ్బు తీసేశారు. దిగాకే చూసుకున్నాను. దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి పరిగెత్తితే, ‘దారిలో నాలుగు స్టేషన్లున్నాయి, ఎక్కడ కోశారో నీకే తెలీదు, మా ఏరియా కాదు’ అన్నారు. గంటసేపు నిలబెట్టి చివరికి ఒక కాగితం రాయించుకున్నారు. రసీదు ఏమీ ఇవ్వలేదు. నేను ఇంకేం చేయాలి?
- గృహిణి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పండి. ఆ కాగితంలో ఏమని రాశారు? ‘నా బ్యాగులోని ఫోను, డబ్బు ప్రయాణంలో పోయినవి’ అని రాసి ఉంటే మీ పని సగం చెడినట్టే. పోవడం వేరు, దొంగతనం వేరు. పోయిందంటే కేసు కట్టనక్కర్లేదు, రిజిస్టరులో ఒక ఎంట్రీతో సరి. దొంగిలించారంటే ఎఫ్ఐఆర్ కావాలి. ‘పోయినవి అని రాయమ్మా, తొందరగా దొరుకుతాయి’ అని నేనూ ఎంతోమందితో రాయించాను. ఒప్పుకుంటున్నాను. నెలనెలా క్రైమ్ మీటింగులో పెద్దసారు ముందు నిలబడి పెండింగ్ కేసుల లెక్క చెప్పేటప్పుడు మా ఎస్ఐ గారి చెమట ఎలా ఉండేదో చూసినవాణ్ణి. ఆ చెమట పట్టకుండా ఉండటానికి పుట్టిన మాట అది. అందుకే కొత్త అర్జీలో ‘గుర్తు తెలియని వ్యక్తులు బ్యాగు కోసి దొంగిలించారు’ అని స్పష్టంగా రాయండి. కోసిన బ్యాగు కుట్టించకుండా అలాగే ఉంచండి.

వస్తువుల విలువ కూడా రాయాలి. ఫోను బిల్లు దొరికితే జత చేయండి. 2024లో అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో అయిదు వేల రూపాయల లోపు దొంగతనానికి, అదీ మొదటిసారి చేసినవాడైతే, పోలీసులు నేరుగా కేసు కట్టలేని మెలిక ఒకటి ఉంది. మీది మొత్తం ఇరవై వేలు కాబట్టి ఆ గొడవ లేదు. రాయకపోతేనే ఉంటుంది.

ఇక ‘మా ఏరియా కాదు’ అనే మాట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఏరియా ఎవరిదో తేల్చుకుని అక్కడికి పంపడం స్టేషన్ల మధ్య పని, మీ పని కాదు. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కాకపోతే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. జిరాక్స్ డబ్బులు కూడా అడగకూడదు. ‘ఎంక్వైరీ చేసి కడతాం’ అంటారా, కొన్ని రకాల కేసుల్లో పద్నాలుగు రోజుల్లో ముగిసేలా ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు గానీ దానికి డీఎస్పీ అనుమతి ఉండాలి. అనుమతి తీసుకున్నారా అని మెల్లగా అడిగి చూడండి.

అప్పటికీ కదలకపోతే అదే అర్జీని జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తర్వాత మెజిస్ట్రేటు కోర్టు ఉంది. కోర్టుకు వెళ్ళేటప్పుడు ఆ పోస్టు రసీదే మీ చేతిలో ఆధారం. ఈలోగా సిమ్ బ్లాక్ చేయించండి. ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ నంబరు పెట్టి సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోనును కూడా బ్లాక్ చేయించండి.

ప్రశ్న: రాత్రి పదకొండున్నరకు ఆర్డర్ పట్టుకెళ్తుంటే ఆపారు. బండి ఆగీ ఆగకముందే ఒకాయన తాళం లాగేసుకున్నారు. లైసెన్సు డిజిలాకర్‌లో చూపిస్తే ఒరిజినల్ ఏదన్నారు. తర్వాత ‘ఫోన్ అన్‌లాక్ చెయ్’ అని వాట్సాప్ తిరగేశారు. ఇదంతా చేయొచ్చా?
- డెలివరీ బాయ్, హైదరాబాద్

జవాబు: బాబూ, మూడింటికీ మూడు జవాబులు. యూనిఫాంలో ఉన్న పోలీసు లైసెన్సు అడిగితే చూపించాలి, అది మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కానీ డిజిలాకర్‌లోని లైసెన్సు, ఆర్‌సీ అసలు కాగితాలతో సమానం. 2018లోనే రూల్సు మార్చారు. ఫోటో తీసి గ్యాలరీలో పెట్టుకున్నది మాత్రం చెల్లదు, యాప్ తెరిచే చూపించాలి. తాళం లాక్కోమని చట్టంలో ఎక్కడా లేదు. కదులుతున్న బండి తాళం లాగితే పడేది నువ్వు.

వాట్సాప్ సంగతి. 2021లో హైదరాబాద్ వీధుల్లో కుర్రాళ్ళను ఆపి, చాటింగుల్లో ‘గంజాయి’ అన్న మాట కోసం వెతికారని పేపర్లలో పెద్ద దుమారమే రేగింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనంతో చెప్పింది. కేసు దర్యాప్తులో నీ ఫోను నిజంగా అవసరమైతే నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడిగే దారి పోలీసుకు ఉంది. కాబట్టి ‘నోటీసు ఇవ్వండి సార్, స్టేషన్‌కి తెచ్చి ఇస్తాను’ అను. చేతులు కట్టుకోనక్కర్లేదు, గొంతు పెంచనూ వద్దు.

అర్ధరాత్రి నడిరోడ్డు మీద నువ్వొక్కడివే, వాళ్ళు నలుగురు. అక్కడ సెక్షన్లు వల్లిస్తే ఏమవుతుందో నాకూ తెలుసు. చూపించక తప్పని పరిస్థితే వస్తే చూపించి బయటపడు. పక్క సందులో ఆగి టైము, చోటు, నేమ్ ప్లేటు మీద పేరు, పెట్రోలింగ్ బండి నంబరు నీ ఫోనులోనే రాసుకో. మర్నాడు చేసే కంప్లైంటుకు బలం అదే. ‘రాత్రి ఎవరో పోలీసు’ అని రాసిన అర్జీలు మా టేబులు మీద ఎన్ని రోజులుండేవో చెబితే నవ్వుతావు.

ప్రశ్న: పక్కింటివాళ్ళ ప్రహరీగోడ తగాదాలో నేను సాక్షినట. కానిస్టేబుల్ ఫోన్ చేసి ‘పొద్దున్నే స్టేషన్‌కి రండి, సంతకం పెట్టి వెళ్ళిపోదురు గాని’ అన్నాడు. నాకు అరవై ఏడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. వెళ్ళకపోతే ఏమైనా అవుతుందా?
- రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తూర్పుగోదావరి జిల్లా

జవాబు: మాస్టారూ, మీరు ఇంట్లోనే కూర్చోండి. సాక్షిని పిలవాలంటే రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. ఫోను కాదు. పైగా నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం అరవై దాటినవారిని, ఆడవారిని, పదిహేనేళ్ళ లోపు పిల్లలను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారిని విచారించాలంటే వాళ్ళుండే చోటికే రావాలి. పాత చట్టంలో అరవై అయిదు ఉండేది, ఇప్పుడు అరవై చేశారు. మీకు మీరై వెళ్తానంటే ఎవరూ అడ్డుచెప్పరు. మీ మోకాళ్ళు ఒప్పుకోవాలి గదా.

సంతకం పెట్టి వెళ్ళమన్నాడన్నారు చూశారూ, అక్కడ ఆగండి. సాక్షి పోలీసుకు చెప్పిన మాటలు రాసుకోవచ్చు గానీ ఆ స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ అంటోంది. నలభై ఏళ్ళు పిల్లల కాపీలు దిద్దిన చెయ్యి మీది, చదవకుండా దేని మీదా సంతకం పెట్టరనుకుంటాను. తెల్లకాగితం మీద అసలే వద్దు.

నిందితుడికి ఇచ్చే 35వ సెక్షన్ నోటీసును సైతం వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకు చెబుతున్నానంటే, ఖాకీ చొక్కా వేసుకుని వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించేవాళ్ళు ఎక్కువగా వెతుక్కునేది మీలాంటి పెన్షనర్లనే. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. కాల్ కట్ చేసి 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి ఇంటికొచ్చిన కానిస్టేబుల్, ‘పెట్రోలుకన్నా ఇవ్వు తమ్ముడూ’ అన్నాడు. అయిదు వందలిచ్చాను. తప్పా?
- ఇంజనీరింగ్ విద్యార్థి, తెలంగాణ

జవాబు: తప్పే. ఆయనది పెద్దది, నీది చిన్నది. నువ్వు కట్టిన పదిహేను వందల ఫీజు కాక వెరిఫికేషన్‌కి పైసా లేదు. మళ్ళీ ఎవరైనా అడిగితే ఏసీబీ నంబరు 1064. మంచినీళ్ళిచ్చి, కాగితాలు చూపించి పంపించెయ్.

ప్రశ్న: నేను కానిస్టేబుల్‌నండీ, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. నిమజ్జనం బందోబస్తులో బ్యారికేడ్ దగ్గర పొద్దున ఆరు నుంచి నిలబడ్డాను. సాయంత్రం ఒక కారాయన దారి వదలమని అరుస్తూ, ఫోన్ నా మొహం మీద పెట్టి వీడియో తీశాడు. ఫోన్ లాక్కున్నాను. మా సీఐ గారు నన్నే తిట్టారు. మాకు మర్యాద అక్కర్లేదా?
- మహిళా కానిస్టేబుల్

జవాబు: కావాలి తల్లీ. పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి కాళ్ళు ఎలా ఉంటాయో ఏసీ కారులో కూర్చున్నవాడికి తెలియదు. నీళ్ళు తాగితే బాత్రూం ఎక్కడుందో వెతుక్కోవాలని నోరెండబెట్టుకుని డ్యూటీ చేసిన ఆడపిల్లలను నేనెరుగుదును. ఆ సంగతి ఎవరూ వీడియో తీయరు.

కానీ మీ సీఐ గారు అన్నదాంట్లో న్యాయం ఉంది. రోడ్డు మీద నిలబడి పోలీసును వీడియో తీయడం ఒక్కటే నేరం కాదు. పోలీస్ స్టేషన్ కూడా అధికార రహస్యాల చట్టం చెప్పే నిషిద్ధ స్థలం కాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి తేల్చింది. అతను బ్యారికేడ్ తోసినా, నీ మీద చెయ్యి వేసినా అప్పుడు లెక్క వేరు. విధుల్లో ఉన్న ఉద్యోగి మీద దాడికి భారతీయ న్యాయ సంహితలో 132వ సెక్షన్ ఉంది. అరిచినందుకు, తీసినందుకు మాత్రం అది వర్తించదు.

ఇంకోసారి ఇలా జరిగితే ఫోన్ ముట్టుకోకు. ‘తీసుకోండి సార్, దారి మాత్రం అటు నుంచి’ అని చెయ్యి చూపించు. బాడీ కెమెరా ఇస్తే ఆన్ చేసుకో. లేకపోతే డ్యూటీ దిగి స్టేషన్‌కి వెళ్ళగానే, కాళ్ళు కడుక్కోవడానికి ముందే, జీడీలో, అంటే స్టేషన్ జనరల్ డైరీలో, నాలుగు లైన్లు రాయించు. టైము, బ్యారికేడ్ ఎక్కడ, కారు నంబరు, అతనేమన్నాడు, నువ్వేమన్నావు. అతని వీడియోలో పదిహేను సెకన్లే ఉంటాయి.