సెల్ఫ్ కొట్టే ముందు రెండు చుట్లు

సెలవుల్లో మెకానిక్ షెడ్లకు పనికి పోయే తమ్ముళ్లు మన హాస్టల్లో ఏటా కొందరు ఉంటారు. మేమూ అలా పోయినవాళ్లమే. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి, ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి, ఆటోనగర్ వైపు విజయవాడ రోడ్డు పక్కన దిగేవాళ్లం. (2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది గాని అది ఎల్.బి.నగర్‌లోనే ఆగుతుంది. పైగా మాకు బస్ పాస్ ఉండేది!) అక్కడ నేర్చుకున్న వాటిలో పైసా ఖర్చు లేని పని ఒకటుంది. విప్పి, బోరింగ్ చేయించి, మళ్లీ బిగించిన ఇంజన్‌ను స్టార్ట్ చేసే ముందు చేత్తో తిప్పి చూడటం. తొందరలో అందరూ వదిలేసేదీ అదే.

ఒకప్పుడు బండి స్టార్ట్ చేయడమే చేత్తో. అంబాసిడర్ కారుకు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే వీలుండేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టర్ అమర్చారు. ఆ తర్వాత హ్యాండిల్ మెల్లమెల్లగా మాయమైంది. ఇంజన్ ఎంత బిగువుగా ఉందో చేతికి తెలిసే వీలు కూడా దాంతోనే పోయింది.

మేము పాడు చేసింది మారుతి ఓమ్ని ఇంజన్. 796 సి.సి., మూడు సిలిండర్లు. పిల్లలను బడికి తీసుకుపోయే వ్యాన్ అది. ఓనరే డ్రైవరు. జూన్‌లో బడులు తెరిచేలోగా బండి కావాలని రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆ రోజు ఉస్తాద్ ఊర్లో లేడు. ఇంజన్ బిగించి సెల్ఫ్ కొట్టాం. మూలుగుతూ, బరువుగా తిరిగింది. బ్యాటరీ వీక్ అనుకున్నాం. పక్క షెడ్డు నుంచి ఇంకో బ్యాటరీ తెచ్చి కలిపాం. స్టార్ట్ అయింది, చప్పట్లు కొట్టుకున్నాం! కొన్ని నిమిషాలకే ఇంజన్ పట్టేసింది.

సాయంత్రం ఉస్తాద్ వచ్చి విప్పించాడు. ఒకటో కనెక్టింగ్ రాడ్ క్యాప్ రెండోదానికి, రెండోది ఒకటోదానికి బిగించాం. ఏ రాడ్‌కు ఆ క్యాప్‌ను కలిపి, ఒకే రంధ్రంగా ఫ్యాక్టరీలో తొలుస్తారు. మార్చి బిగిస్తే చూపుకు సరిపోయినట్టే ఉంటుంది, లోపల గుండ్రం చెడుతుంది. బేరింగుకూ క్రాంకుకూ మధ్య నూనె నిలిచే సందు మిల్లీమీటరులో కొన్ని వందవ వంతులే. అది మూసుకుపోతే లోహం మీద లోహం రాసుకుంటుంది. (విప్పేటప్పుడే రాడ్‌కూ క్యాప్‌కూ పంచ్‌తో ఒకటి, రెండు, మూడు చుక్కలు పెట్టుకోవాలి. మేము పెట్టలేదు.)

సెల్ఫ్ మోటారు పళ్ల చక్రం చిన్నది, ఫ్లైవీల్ పళ్ల చక్రం పెద్దది. అందుకే దాని బలం ముందు ఆ బిగువు దాగిపోయింది. చేతిని మాత్రం అది మోసం చేయలేదు.

క్రాంకు లేత్‌కు పోయింది. గ్రైండింగ్ చేయించి, అండర్‌సైజ్ బేరింగులు వేశాం. డబ్బు ఉస్తాదే పెట్టుకున్నాడు. బడులు తెరిచేశారు. వ్యాన్ ఓనరు పిల్లల కోసం ఆటో కిరాయికి మాట్లాడుకున్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ.

రెండోసారి బిగించేటప్పుడు ఉస్తాద్ పానా మా చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. ముందు బేరింగుల్లో నూనె రాసి క్రాంకు ఒక్కటే కూర్చోబెట్టి మెయిన్ క్యాపులు బిగించాం. వేళ్లతో తిప్పితే తిరగాలి, తిరిగింది. తర్వాత ఒక పిస్టన్ దించి, క్యాప్ బిగించి, మళ్లీ తిప్పాం. రింగులు గోడకు రాసుకుంటాయి గనుక కొంచెం బరువెక్కుతుంది. రెండోది దించాక ఇంకొంచెం, మూడోదానికి ఇంకొంచెం. ఎక్కడైనా ఒక్కసారిగా బరువెక్కితే, ఇప్పుడే బిగించిన క్యాప్ వదులు చేసి చూడాలి. తేలికైందా, దొంగ దొరికినట్టే! మూడూ బిగించాక వెతికితే ఎవరిదో చెప్పడం కష్టం.

హెడ్డు పెట్టి టైమింగ్ బెల్ట్ వేశాక అసలు పరీక్ష. బ్యాటరీ వైరు తీసెయ్యాలి, బండిలో ఉంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలి, ప్లగ్గులన్నీ విప్పాలి. ప్లగ్గులుంటే లోపలి గాలి అదుముకుని ఎదురు తంతుంది, బిగువేదో గాలేదో తెలియదు. క్రాంకు పుల్లీ బోల్టుకు గొట్టం పానా పెట్టి, ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు నిదానంగా తిప్పాలి. ఒక చుట్టు చాలదు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, అప్పుడే నాలుగు స్ట్రోకులూ పూర్తవుతాయి. 720 డిగ్రీలు. రెండో చుట్టు చివర రెండు గుర్తులూ మళ్లీ ఎదురెదురు రావాలి.

మధ్యలో ఠక్కున ఆగితే పొడుగు రాడ్ తెచ్చి బలం పెట్టవద్దు. కొన్ని ఇంజన్లలో బెల్ట్ పళ్లు తప్పితే వాల్వు పిస్టన్‌ను తగులుతుంది. ఒక్కోసారి సిలిండర్లో పడిన నట్టు అడ్డం వస్తుంది. బలం పెడితే చిన్న తప్పు పెద్ద ఖర్చవుతుంది.

మాది ఒకే తీరుగా, మెత్తగా తిరిగింది. అయినా ఉస్తాద్ ప్లగ్గులు పెట్టనివ్వలేదు. బ్యాటరీ వైరు కలిపి, ప్లగ్గులు లేకుండానే కొంచెం కొంచెంగా సెల్ఫ్ కొట్టించాడు. పంపు నూనెను పైదాకా ఎక్కించాలి గదా. నాలుగోసారికి ఆయిల్ లైటు ఆరింది. అప్పుడు ప్లగ్గులు బిగించాం. ఉస్తాద్ తాళంచెవి తీసుకుని మాకివ్వలేదు, వ్యాన్ ఓనరు చేతిలో పెట్టాడు.