గన్నేరు: పెంపకము, జాగ్రత్త

తెలుగున గన్నేరు, ఉర్దూలో కనేర్, సంస్కృతమున కరవీరము: పేర్లు మూడైనను మొక్క ఒక్కటే. 1753లో లిన్నేయస్ దీనికి నీరియం ఒలియాండర్ అను శాస్త్రీయ నామము నిచ్చెను. పచ్చగన్నేరు వేరొక ప్రజాతికి చెందినది, అదియు విషపూరితమే.

మన కోట వంటి తీరప్రాంతపు ఇసుక నేలకు, ఉప్పుగాలికి, వేసవి ఎండకు ఓర్చు పూలమొక్కలలో గన్నేరు ముఖ్యమైనది. జానెడు ముదురు కొమ్మను వానకారున నాటినచో వేరూనును. ఎండ బాగుగా తగులవలెను. మొదట నీరు నిలువరాదు. పూత ముగిసిన పిదప కత్తిరించినచో కొత్త చిగుళ్లు వచ్చి, వానికే పూలు పూయును. అణుబాంబు పడిన హిరోషిమాలో ముందుగా పూచిన పూలలో ఇది యొకటి. 1973లో ఆ నగరపు అధికార పుష్పమైనది.

అయితే దీని ఆకు, పూవు, వేరు, గింజ, పాలు అన్నియు విషమే. ఇందలి ఒలియాండ్రిన్ గుండె కణములలో సోడియం, పొటాషియంల రాకపోకలను అడ్డగించి గుండె లయను చెరచును. ఎండినను విషము పోదు. కనుక కత్తిరించిన కొమ్మలను పశువులకు అందనీయరాదు, పొయ్యిలో పెట్టరాదు. 2024 మే నెలలో కేరళలోని తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్య ప్రసాదములలో ఈ పూల వాడుకను మాన్పించినవి.

గన్నేరును పెరికివేయుడని మేము కోరము. పసిపిల్లలు ఆడు చోట, మేకలు తిరుగు చోట, బావిగట్టున దీనిని నాటవలదు. ప్రహరీ వెంట నాటి, విషమని తెలుగున, ఉర్దూలో పలక వ్రాయించవలెనని కళాశాల సంఘము వారికి మా మనవి. విద్యార్థులారా, దీనిని తాకిన పిదప చేతులు కడుగుకొనుడు. ఎవరైన నమిలినచో ఇంటివైద్యముతో కాలము గడపక తక్షణమే ఆసుపత్రికి చేర్చుడు.