మల్లి అడ్డవిల్లు ఎట్లా ఎక్కుపెట్టింది?

పోయిన సంచికలో నా కథ కింద ఎవరో పెన్సిలుతో ఒక వాక్యం రాశారు. మీలో చాలామంది చూసే ఉంటారు. "ఇంత సన్న పిల్ల ఆ విల్లు ఎట్లా ఎక్కుపెట్టింది?" అని. ఆ చేతిరాత ఎవరిదో పోల్చుకుందామని రెండు రోజులు తిరిగాను, దొరకలేదు. మొదట కోపమొచ్చింది. ఆడపిల్ల కాబట్టే అడిగారనుకున్నాను. మేడంతో చెప్తే నవ్వి, "ప్రశ్న మంచిదే కదమ్మా, మల్లి తరఫున నువ్వే జవాబు చెప్పు" అన్నారు. చెప్దామని కూర్చుంటే నా దగ్గర జవాబే లేదు. ఈ వ్యాసం అట్లా మొదలైంది.

కథ చదవని వాళ్లకు రెండు మాటలు. అదొక ఊహల కోట. శత్రువులు కొండ మెట్లెక్కి వస్తుంటారు. పదహారేళ్ల మల్లి బురుజు సందులో నిలబడి క్రాస్‌బౌతో రెప్పపాటులో ఏడుగుర్ని పడగొడుతుంది. పక్కన పిన్ని ఏడుస్తూ ఉంటుంది. క్రాస్‌బౌ అనే మాట ఈసారి మార్చాను. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడం. అందుకని నాకు ముందు అడ్డబిల్లు అనే మాటే తోచింది, దాన్నే అడ్డవిల్లు చేసుకున్నా. తుపాకీ కర్రలాంటి పొడవాటి కొయ్య, దాని కొసన అడ్డంగా బిగించిన విల్లు. నారిని వెనక్కి లాగి ఒక కొక్కేనికి తగిలిస్తే అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత బాణాన్ని గాడిలో పెట్టి, గురి చూసి, కింద ఉన్న మీట నొక్కాలి. కొక్కెం నారిని వదిలేస్తుంది.

మామూలు విల్లుకూ దీనికీ తేడా ఇక్కడే. మామూలు విల్లును లాగి పట్టుకున్నంతసేపూ ఆ బలం మన భుజం మీదే ఉంటుంది. ఇందులో కొక్కెం మోస్తుంది. గురి చూసేటప్పుడు చెయ్యి వణకదు. ఇది నేను కథలో రాయకుండా వదిలేసిన మంచి విషయం.

ఇప్పుడు లెక్క. ఫిజిక్స్‌ను పదో తరగతిలోనే వదిలేసిన దాన్ని, అయినా ఈ లెక్క నాకే అర్థమైంది కాబట్టి మీకూ అవుతుంది. బాణానికి వెళ్లే శక్తి ఎంత బరువు లాగామన్న దాని మీదే కాదు, ఎంత దూరం లాగామన్న దాని మీద కూడా ఉంటుంది. చిన్నప్పుడు ఉండేలు పట్టుకున్న వాళ్లకు ఇది చేతికే తెలుసు. రబ్బరు కొంచెం లాగి వదిలితే రాయి గోడ దాటదు. 30 కిలోల మామూలు విల్లును 50 సెంటీమీటర్లు లాగామనుకోండి: 30ని 50తో గుణిస్తే 1500. యూరప్ తరహా అడ్డవిల్లు పొట్టిది, నారి 12 సెంటీమీటర్లే వెనక్కి వస్తుందనుకుందాం. అంతే శక్తి రావాలంటే దాని బిగువు 120 కిలోలకు పైనే ఉండాలి. నాలుగింతలు! అంత చేసినా వచ్చేది మామూలు విల్లు శక్తే. పైగా బరువైన విల్లు బద్ద తాను కదలడానికే కొంత శక్తి తినేస్తుంది. "అడ్డవిల్లు కాబట్టి కవచాలన్నీ చీల్చుకుపోయింది" అని నేను రాసింది తప్పు. ఎంత బిగువుదో చెప్పకుండా ఆ మాట రాయకూడదు.

చైనా వాళ్లు దీన్ని ఇంకో దారిలో చూశారు. వాళ్ల మీట కొయ్య చివర, బాగా వెనక ఉంటుంది. నారి చాలా దూరం వస్తుంది, కాబట్టి తక్కువ బిగువుతోనే పని జరుగుతుంది. 1974లో సియాన్ దగ్గర బయటపడిన మట్టి సైన్యం గుంటల్లో కంచుతో పోతపోసిన అలాంటి మీటలు దొరికాయి. రెండు వేల ఏళ్లు దాటిన పనితనం. నాకు చాలా నచ్చింది, కానీ అంత దూరం వంగే విల్లు పొడుగ్గా ఉండాలి, మల్లి నిలబడిన సందు ఇరుకు. అందుకే ఆమెకు పొట్టిదే ఇచ్చాను.

మరి 120 కిలోలు ఎట్లా లాగాలి? చేతులతో కాదు. మా అవ్వను అడిగితే ఒక్క మాటలో తేల్చేసింది: "బాయిలో కడవను ఉత్త చేతుల్తో లాగుతామా, గిలకేసి లాగుతాం గానీ." బావి గిలక కడవ బరువును తగ్గించదు. తాడును కిందికి లాగే వీలిస్తుంది, మన ఒంటి బరువు సాయానికొస్తుంది. అడ్డవిల్లు ముందు భాగాన గుర్రపు రికాబులాంటి ఇనుప కడియం ఉండేది అందుకే. దాంట్లో పాదం పెట్టి, వంగి, నడుం పట్టీకున్న కొక్కేన్ని నారికి తగిలించి లేచి నిలబడతారు. లాగేది కాళ్లూ నడుమూ. దానికన్నా సులువు మేకకాలు అని పిలిచే మీట. పొడుగు చెయ్యి పొట్టి చెయ్యికి అయిదింతలుంటే 120 కిలోలు 24 కిలోలవుతాయి, అంటే మన మెస్సులోకి వచ్చే 25 కిలోల బియ్యం బస్తా అంత. కాకపోతే నారి 12 సెంటీమీటర్లు రావడానికి చెయ్యి 60 సెంటీమీటర్లు కదలాలి. ఇంకా పెద్ద విల్లులకు పిడి తిప్పే చక్రాలూ తాళ్లూ, లారీ జాకీలాంటి పళ్ల చక్రాలూ వాడారు. సర్ రాల్ఫ్ పేన్-గాల్వే అనే ఇంగ్లీషాయన, 1903లో అడ్డవిల్లుల మీద పెద్ద పుస్తకం వేసినాయన, దాదాపు 540 కిలోల బిగువున్న పాత ఉక్కు విల్లుతో వేల్స్‌లోని మెనై జలసంధి అవతలి ఒడ్డుకు బాణం వేశాడు. 400 మీటర్లకు పైమాటే. అంత బిగువును ఏ మగాడి చెయ్యీ లాగలేదు!

ఇక్కడికొచ్చాక నా కోపం పోయింది. పెన్సిలు ప్రశ్న మల్లిని తక్కువ చేయలేదు, నేనే చేశాను. ఆమె ఎట్లా ఎక్కుపెట్టిందో చూపించకుండా విల్లును మంత్రదండంలా చేతికిచ్చేశాను. నిజానికి ఏళ్ల తరబడి భుజం పెంచని మనిషి కూడా కొద్దికాలంలో నేర్చుకోగల ఆయుధం ఇది. 1139లో రోమ్‌లో జరిగిన మతసభ, క్రైస్తవుల మీద విల్లులూ అడ్డవిల్లులూ వాడకూడదని చెప్పింది. ఎవరూ వినలేదు. 1199లో ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్ ఫ్రాన్స్‌లో ఒక చిన్న కోటను ముట్టడించినప్పుడు గోడ మీద నుంచి వచ్చిన అడ్డవిల్లు బాణం భుజానికి తగిలి, పుండు కుళ్లి చనిపోయాడు. చిన్న కోట గోడ మీద నుంచి రాజును పడగొట్టే ఆయుధం, నా కథకు ఇంకేం కావాలి?

కానీ బలం మిగిలితే కాలం పోతుంది. హాస్టల్ గదిలో చీపురుకర్రను విల్లుగా, స్కేలును మీటగా పెట్టుకుని నటించి చూశాను. పాదం పెట్టు, మీట తగిలించు, లాగు, మీట తీసెయ్, బాణం పెట్టు, గురి చూడు, నొక్కు. నా రూమ్మేట్ ఫోనులో లెక్కపెట్టింది. 17 సెకన్లు. మూడోసారి చెమట పట్టి 21 అయింది. సెకనుకు మూడు మీటర్ల చొప్పున పరిగెత్తే మనిషి 17 సెకన్లలో 50 మీటర్లు వచ్చేస్తాడు. అంటే 50 మీటర్ల దూరంలో ఒకడిని కొడితే, మళ్లీ ఎక్కుపెట్టేలోపు వాడి వెనకవాడు మల్లి ముందుంటాడు. ఏడుగురు లేరు, రెప్పపాటూ లేదు.

1346లో క్రేసీ యుద్ధంలో ఫ్రెంచి రాజు తరఫున వచ్చిన జెనోవా విలుకాళ్లకు జరిగింది ఇదే. వాళ్ల నిలువెత్తు డాళ్లు వెనక సామాన్ల బండ్లలో ఉండిపోయాయి. వాటి చాటున కూర్చుని ఎక్కుపెట్టాల్సిన వాళ్లు బయట నిలబడాల్సి వచ్చింది. ఎదురుగా ఇంగ్లీషు వాళ్ల పొడుగు విల్లులు, వీళ్లు ఒక బాణం వేసేలోపు వాళ్లు ఎన్నో వేయగలరు. యుద్ధానికి ముందు పడ్డ వాన వీళ్ల నారులను తడిపేసిందని కూడా చరిత్రకారులు రాశారు. మామూలు విల్లు నారిని విప్పి టోపీలో దాచుకోవచ్చు. అడ్డవిల్లు నారిని మైదానంలో అంత తేలిగ్గా విప్పలేం.

చిన్న తప్పులు ఇంకా ఉన్నాయి. నా మల్లి బురుజు మీద నుంచి నిలువుగా కిందికి గురిపెట్టింది. బాణం గాడిలో ఊరికే పడుకుని ఉంటుంది కాబట్టి జారి కింద పడిపోతుంది. పట్టి ఉంచే చిన్న కొమ్ము నాలుకో, రోంత మైనమో కావాలి. ఇంకోచోట బాణం లేకుండా మీట నొక్కి శత్రువును బెదిరించింది. శక్తంతా విల్లు మీదికే తిరిగి నారో బద్దో దెబ్బతింటుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఆ కోటలో కమ్మరి లేడు. ఉక్కు బద్ద సాగదీసే వాడు లేని రాజ్యంలో ఉక్కు విల్లు ఎక్కడిది? కొత్త ప్రతిలో కొలిమి పెట్టాను. పళ్ల చక్రాలు చేసేంత పనితనం ఆ ఊళ్లో లేదు కాబట్టి మేకకాలు మీటతోనే సరిపెట్టాను.

ఇక పిన్ని సంగతి. మొదటి ప్రతిలో ఆమె పని ఏడవడమే అని చెప్పాను కదా. 17 సెకన్లు తెలిశాక ఆమెను ఊరికే కూర్చోబెట్టలేకపోయాను. ఇప్పుడు బురుజులో విల్లులు రెండు. మల్లి ఒకటి వేస్తుంటే పిన్ని రెండోది గోడ చాటున ఎక్కుపెట్టి అందిస్తుంది. రోజూ పిండి రుబ్బిన చేతులు. మల్లి గురి చూస్తూ వెనక్కి తిరగకుండా చెయ్యి చాపుతుంది, విల్లు చేతికొస్తుంది. నాలుగోసారి చాపితే రాదు. అక్కడ ఆగాను. పిన్నికి ఏమైందో ఇంకా రాయలేదు, రెండు రకాలుగా రాసి రెండూ కొట్టేశాను.

పెన్సిలుతో రాసినావిడ ఇది చదివితే, 21 సెకన్లు ఉంచాలా 17 ఉంచాలా చెప్పమని కోరుతున్నా. చార్టు అడుగున జాగా వదిలాను. పెన్సిలు కూడా దారంతో కట్టి పెట్టాను.