పగిలిన గాజు విలువ

దివ్య ఖుర్ఆన్ ‘నూర్’ సూరా 35వ ఆయతులో దీపంతో పాటు గాజు ప్రస్తావన కూడా ఉంది. గాజు తయారీలో తొలి ముస్లిం సమాజాలు చూపిన నేర్పు గురించి మాత్రం మన పిల్లలకు తెలిసింది తక్కువ. దానికి సాక్ష్యంగా దొరికిన ఒక ఓడను ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

క్రీ.శ. 1025 ప్రాంతంలో, సిరియా తీరంలో గాజు ఎక్కించుకున్న ఒక సరుకు ఓడ నేటి తుర్కియే నైరుతి తీరాన సెర్చె లిమానీ అనే చోట మునిగిపోయింది. 1977–79లో జార్జ్ బాస్ నాయకత్వాన పురావస్తు పరిశోధకులు 30 మీటర్లకు పైగా లోతుకు దిగి దానిని వెలికితీశారు. అందులోని గాజు సుమారు 3 టన్నులు. రెండు టన్నులు ముడి గాజు గడ్డలు. మిగిలిన టన్ను పగిలిన సీసాలు, గిన్నెలు, దీపాల ముక్కలు, కార్ఖానా తుక్కు. ఓడ కాలాన్ని తేల్చడానికి తోడ్పడినవీ గాజు వస్తువులే. అవి నాణేలు తూచడానికి వాడిన ఫాతిమీ కాలపు చిన్న తూనికరాళ్లు.

పగిలిన ముక్కలను ఓడలో ఎందుకు పంపినట్టు? ఇసుక, క్షారం కలిపి కొత్తగా గాజు చేయాలంటే వేడి ఎక్కువ కావాలి, కట్టెలు ఎక్కువ కావాలి. పాత గాజు అంతకంటే తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే ఆనాటి వర్తకులకు అది చెత్త కాదు, వెలగల సరుకు. దుబారా తగదని మనం తరచూ వినే మాట అక్కడ పనిలో కనిపిస్తుంది.

పైకి తెచ్చిన ముక్కలు లక్షల్లో ఉన్నాయి. రంగును బట్టి, అంచు, అడుగు, పిడి ఆకారాన్ని బట్టి వాటిని వేరుచేసి, ఒక్కొక్కటిగా జతకూర్చారు. ఈ పనికి ఏళ్లు పట్టింది. అలా రూపం దిద్దుకున్న పాత్రలు నేడు బోద్రుమ్ కోటలోని ప్రదర్శనశాలలో ఉన్నాయి.

ఉపాధ్యాయులుగా మేము గమనించినది ఒకటుంది. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో చదువు మానేసిన పిల్లవాణ్ణి ‘ఇక లాభం లేదు’ అని మనం త్వరగా వదిలేస్తాము. ఫీజు కట్టి, మూడు నెలలకే ఫలితం అడుగుతాము. గాజు ముక్కల కోసమే అన్నేళ్లు ఓపిక పట్టారు. మన బిడ్డల కోసం ఇంకొన్నేళ్లు పట్టలేమా? దాతలారా, మీ జకాత్, సదఖాలతో పాటు ఆ ఓపికను కూడా ఈ పిల్లలకు ఇవ్వండి. అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.