పైరు పెరుగుదలను వెలుగుతో కొలుచుట

హైదరాబాదులో నాంపల్లి స్టేషను దిగిన రైతులు సమీపముననున్న పబ్లిక్ గార్డెన్సును చూచియే యుందురు. నీరు చక్కగా పారిన చోట పచ్చిక ముదురు రంగుతోను, నీరందని చోట పాలిపోయియు కనిపించును. తోటమాలి దూరమునుండియే లోపమును గుర్తించును. గట్టుమీద నిలిచిన అనుభవశాలియగు రైతు వరిమడి రంగును బట్టి ఎరువు చాలినదో లేదో చెప్పుటయు ఇట్టిదే. ఈ చూపునే శాస్త్రజ్ఞులు అంకెలలోనికి మార్చిరి. ఆ అంకెలు నేడు కరువు నిర్ణయమునకును, పంటల బీమాకును ఆధారములగుచున్నవి. కావున పంచాయతీ సభ్యులు వీనిని తెలిసికొనుట అవసరమని మేము తలచుచున్నాము.

ఆకుపై పడిన వెలుగు

ఆకులోని పత్రహరితము ఆహారము తయారు చేసికొనుటకై సూర్యకాంతిలోని ఎరుపు, నీలి వెలుగులను పీల్చుకొనును. ఎరుపునకు ఆవల, కంటికి కనిపించని పరారుణ కాంతి కలదు. పచ్చని ఆకుపై పడిన ఈ కాంతిలో సుమారు సగము వెనుకకు మరలును. పైరు దట్టమైనకొలది తిరిగివచ్చు ఎరుపు తగ్గును, పరారుణము పెరుగును.

ఒక లెక్క చూతము. ఏపుగా పెరిగిన పైరునుండి ఎరుపు కాంతి నూటికి 5 పాళ్లు, పరారుణ కాంతి నూటికి 45 పాళ్లు తిరిగి వచ్చినవనుకొందము. వీని తేడా 40, మొత్తము 50. తేడాను మొత్తముచే భాగింపగా 0.8 వచ్చును. దీనిని ఎన్.డి.వి.ఐ. అను పచ్చదనపు సూచిక యందురు. వట్టి నేలనుండి ఎరుపు 20, పరారుణము 25 పాళ్లు వచ్చినచో సూచిక 0.11 మాత్రమే. నాట్లనుండి వారము వారము ఈ సూచికను గుర్తించినచో పైరు ఎదుగుటయు, ఎండుటయు తెలియును.

ఆకసమునుండి కొలత

ఇందుకై 1974లో హైదరాబాదున నెలకొల్పబడిన సంస్థయే నేటి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము. 1988 మార్చి 17న మన దూరగ్రాహక ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఎ ప్రయోగింపబడినది. 2011లో పంపిన రిసోర్స్‌శాట్-2 లోని ఒక కెమెరా 23.5 మీటర్ల చదరమును, అనగా సుమారు ఐదున్నర గుంటల నేలను, ఒక చుక్కగా చూపును. 2016 నాటి కేంద్రప్రభుత్వ కరువు నిర్వహణ నియమావళిలో ఈ సూచికకు స్థానము కల్పింపబడినది.

సూచికకు గల హద్దులు

అయినను ఉపగ్రహము సాక్షియే గాని న్యాయాధికారి కాదు. ఖరీఫులో మబ్బులు అడ్డము వచ్చును. కలుపు కూడ పచ్చగనే కనిపించును. పైరు మిక్కిలి దట్టమైన పిమ్మట సూచిక అంతగా పెరుగదు. అన్నిటికంటె ముఖ్యముగా, అది గింజను చూడదు. మెడవిరుపు తెగులు సోకినపుడు ఆకు పచ్చగనే యుండి కంకి తాలు కావచ్చును. ఆ నష్టము పొలములో పంట కోసి తూచినగాని తేలదు.

అందువలననే పంట కోత ప్రయోగములు నేటికిని అవసరము. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము నియమముల ప్రకారము ముఖ్యమైన పంటలకు గ్రామపంచాయతీ బీమా ప్రమాణముగా నున్నచోట కనీసము నాలుగు ప్రయోగములు జరుపవలెను. 2023 ఖరీఫునుండి ఆ పథకమున వరి దిగుబడి నిర్ణయములో ఉపగ్రహాది సాంకేతిక అంచనాకు కూడ భాగము కల్పించిరి. ఒక ఊరి పంట తప్పుగా లెక్కకు వచ్చినచో ఆ ఊరి రైతులందరి పరిహారమును తారుమారగును.

పంచాయతీ కర్తవ్యము

ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో, ఎప్పుడు నాటిరో సరిగా నమోదు చేయించవలెను. జొన్న చేను వరిగా నమోదైనచో ఆకసమునుండి వచ్చిన అంకె అర్థరహితమగును. కోత ప్రయోగము జరుగునపుడు సభ్యులు దగ్గర నుండవలెను. ముంపు, తెగులు కలిగిన తేదీలను పంచాయతీలో వ్రాసి యుంచవలెను.

ఇదే సూత్రము రైతు చేతిలోను ఉపయోగపడును. వరికి ఆకు రంగుల కార్డు కలదు. పూర్తిగా విచ్చుకొన్న పై ఆకును, నీడలో నుంచి, కార్డులోని రంగులతో పోల్చవలెను. పది దుబ్బులలో ఆరింటి ఆకులు నిర్ణీత రంగుకంటె పాలిపోయి యున్నచో యూరియా వేయవలెను, లేనిచో ఆగవలెను. ఇందువలన అనవసరపు ఖర్చు తగ్గును.

యంత్రము ఎంత ఎత్తునుండి చూచినను, దాని అంకెను సరిచూడవలసినది పొలము గట్టుననే. ఆ బాధ్యతను పంచాయతీలు శ్రద్ధతో నిర్వహించునని ఆశించుచున్నాము.