సాఫ్ట్ స్టార్టర్ పెట్టినా కంప్రెసర్ మొరాయిస్తోంది

ప్రశ్న: మాది ఒకటిన్నర టన్నుల పాత స్ప్లిట్ ఏసీ. జనరేటర్ మీద కూడా నడవాలని సాఫ్ట్ స్టార్టర్ పెట్టించాం. పగలు బాగానే ఉంటుంది. రాత్రి పూట కరెంటు మీదే కంప్రెసర్ ‘గుయ్’మని ఆగిపోతోంది. స్టార్టర్ పోయిందంటారా?

జవాబు: పగలు పనిచేస్తోందంటే ముందు అనుమానించాల్సింది స్టార్టర్‌ను కాదు, వోల్టేజీని. వీధిలో ఏసీలన్నీ నడిచే వేళ అది పడిపోతుంది. మోటారు తిరిగే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 నుంచి 180కి దిగితే మిగిలేది 60 శాతమే. పైగా ఆరంభంలో కరెంటును తగ్గించడమే సాఫ్ట్ స్టార్టర్ పని కాబట్టి ఆ కాస్త బలమూ ఇంకా తగ్గుతుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మీటరు పెట్టి చూడమనండి, ఆగి ఉన్నప్పుడు చూస్తే లాభం లేదు.

తర్వాత రన్ కెపాసిటర్. దాని మీద రాసిన విలువకు పది శాతం తగ్గినా మార్చేయండి, పెద్ద ఖర్చేం కాదు. పాత హార్డ్ స్టార్ట్ కిట్ అలాగే ఉంచేశారేమో కూడా చూడాలి. అదీ, సాఫ్ట్ స్టార్టరూ రెండూ కలిసి ఉండకూడదు. స్టార్ట్, రన్ వైర్లు తారుమారైతే పగలు కూడా తిరగదు, కాబట్టి మీ విషయంలో ఆ అనుమానం అక్కర్లేదు.

ఆగిన వెంటనే మళ్లీ ఆన్ చేయకండి. లోపలి గ్యాస్ పీడనం సర్దుకోవడానికి కనీసం మూడు నిమిషాలు పడుతుంది. మూత మాత్రం మెకానిక్కే విప్పాలి. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.